చేదబావి చుట్టూ పచ్చగాజులు

పోయిన వారం సుజనను మనం మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అలాగే ఉంది. కాలనీ చివర మూతపడిన బండల పాలిషింగ్ షెడ్డులో, నేల మీద పరిచిన ఊరి పటం ముందు, చేతిలో జిగురు డబ్బాతో. నాలుగు రోజులుగా "నేను రాను పో" అని మొండికేసిన నాయన ఏసురాజు శనివారం మధ్యాహ్నం గడపలో వచ్చి నిలబడితే, పిలవాలా వద్దా అని కూడా తేల్చుకోలేక చూస్తోంది.

నడిమధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. తుమ్మలకొట్టాల అనే ఊరు ఇప్పుడు లేదు. ఐదేళ్ళ కింద జలాశయం నీళ్ళ అడుగుకు పోయింది. ఊరిజనాన్ని తెచ్చి ఈ కాలనీలో, ఒకే అచ్చులో పోసిన ఇళ్ళలో పెట్టారు. ఊరినుంచి మోసుకొచ్చిన తలుపులు కొత్త గుమ్మాలకు పట్టలేదు. చేద గిలకలు తెచ్చుకున్నారు గానీ ఇక్కడ బావి లేదు. కాడెద్దుల గంటలున్నాయి, ఎద్దుల్లేవు. అన్నీ పెరట్లో గుట్టలు పడి, పాత సామాన్ల బండి కోసం ఎదురుచూస్తుంటే, కర్నూలులో డ్రాయింగ్ టీచరుగా చేసే సుజన రెండేళ్ళ సెలవులు ధారపోసి ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చింది. "చదువుకున్న పిల్ల చెత్త ఏరుకుంటాంది" అని నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే ఇచ్చారు.

ఆ చెత్తతోనే ఊరు కట్టింది. ఏ ఇంటి వస్తువు ఆ ఇంటి చోటే. తిమ్మయ్య ఇంటి దగ్గర తిమ్మయ్య సైకిల్ బెల్లు, ఓబులమ్మ ఇంటి దగ్గర ఆమె చిల్లుపడిన జొన్నల తప్పేలా. కొండలకు నాపరాళ్ళ తునకలు, వంకకు వెలిసిపోయిన నీలం చీరల పేలికలు. పరాయిది ఒక్కటీ పెట్టను, కొన్నది ఒక్కటీ పెట్టను, అబద్ధం ఒక్కటీ పెట్టను అని మొదటి రోజే ఒట్టు వేసుకుంది. తెల్లవారితే ఈస్టర్. చీకటితోనే జనమంతా కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి పోతారు, ఆరాధనయ్యాక అటునుంచి అటే ఈ షెడ్డుకు వస్తారు. ఐదేళ్ళ తర్వాత ఊరిని చూసుకోవడానికి.

ఏసురాజు చెప్పులు బయటే విడిచి, చర్చిలోకి వచ్చినట్టు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు నాపరాయి గనుల్లో బండలు చీల్చిన మనిషి. ఏ రాయి ఎక్కడ విరుగుతుందో వేలితో తట్టి చెబుతాడు, ఇంట్లో మాత్రం నోట్లోంచి మాట రాలితే ఆ రోజు వాన పడినట్టే. పటం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంక దగ్గర ఆగాడు.

"తప్పు పెట్టినావు పాపా. తిమ్మయ్య కల్లం కాడ ఇంకా ఇట్ల మలుపు తిరగాల."

"ఎంత మలుపు నాయనా?"

"ఎద్దులబండి తిరిగేంత."

సుజన పేలికలు జరిపింది. ఆయన చూసి, "ఆఁ, అట్ల" అని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. రచ్చబండ రెండు మూరలు ఇవతలికి వచ్చింది. కోనేటిగట్టు మిట్టకు ఇంకో గుప్పెడు రాళ్ళు పడ్డాయి. పావుగంటసేపు తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ నేల మీద పాకుతూ ఊరు సర్దుకున్నారు. సుజనకు లోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేం. ఈ ఐదేళ్ళలో నాయన నోట ఊరి ముచ్చట రావడం అదే మొదలు.

అట్లా సర్దుకుంటూ చర్చి వెనక్కి వచ్చేసరికి ఆయన చేయి ఆగింది. అక్కడ సమాధుల దొడ్డి ఉండాలి. ఏమీ లేదు, ఒట్టి నేల.

"ఈడ ఏం పెట్టలేదే?"

"ఎవురూ ఏమీ ఇయ్యలేదు నాయనా. ఆ బండలన్నీ తెచ్చుకొని మెట్లకేసుకున్నారంట, గుడ్డలుతికే కాడ ఏసుకున్నారంట. అడిగితే మొహం తిప్పుకుంటాండారు. తమ్ముని బండొకటే ఈడ సమాధి మీద ఉండాది."

ఏసురాజు ఆ ఒట్టి నేలను అరచేత్తో ఒకసారి తడిమాడు. లేవబోతూ పక్కనున్న చేదబావి వైపు చూశాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా పొద్దున్నే చేరే బావి అది. దానికి గుండ్రంగా ఏం పెట్టాలా అని సుజన చాలా రోజులు తిప్పలు పడి, చివరికి గాజులు పెట్టింది. ముదురుపచ్చ మట్టిగాజులు, మీద పసుపు చుక్కలు. ఏడు గాజులు ఒకదాని మీద ఒకటి ఎత్తితే అచ్చం బావి ఒరలాగే కుదిరింది. పటం మొత్తంలో ఆమెకు నచ్చిన చోటు అదే.

"ఇవి యాడియి?"

"నీ ఉలి సంచిలో ఉండినాయి, అడుగున బిస్కెట్ డబ్బాలో. అమ్మవే గదా? ఆరాధన శ్రీమంతంలో అందరికీ పంచినవి."

"తీసెయ్."

"జిగురు ఆరిపోయింది నాయనా."

"తీసెయ్యమంటాండా."

గట్టిగా ఏమీ అనలేదు. కానీ ఆయన పెదవులు బూడిదరంగుకు తిరిగాయి. సుజనకు ముందు ఒళ్ళు మండింది. పారేసే ఇనుమంతా ఎత్తుకోమని సంచి చేతికిచ్చింది ఈయనే. రెండేళ్ళ పనిని ఒక్కసారి కూడా చూడ్డానికి రాని మనిషి, వచ్చి వచ్చి బావినే తీసెయ్యమంటే ఏ ఆర్టిస్టుకు మాత్రం కాలదు?

"ఏంటికి తియ్యాల? ఈ షెడ్డులో ప్రతి వస్తువుకూ ఒక పేరుండాది నాయనా. ఇది ఫలానా వాళ్ళది అని చెప్పందే నేను ఏదీ పెట్టలేదు, ఏదీ తియ్యలేదు. దీని సంగతి చెప్పు, తీస్తా."

ఏసురాజు మూలన పేర్చిన బండల మీద కూలబడ్డాడు. తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"అడుగున ఆ డబ్బా ఉండాదనేది మరిచి నీకు సంచి ఇచ్చినా. అవి మీ అమ్మవి గాదు పాపా. ఆరాధనవి."

"ఆరాధనవంటే?"

"ఆ బిడ్డ చేతులకుండినవే."

సుజనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆరాధన ఆమె ఈడుదే, చిన్నప్పటి జత. కాలనీలో రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే విశ్వాసమ్మకు ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదేళ్ళ కింద ఎనిమిదో నెల కడుపుతో ఫిట్స్ వచ్చి, ఆసుపత్రికి తీసుకుపోయే దారిలో పోయింది. శ్రీమంతం గాజులు తీయొద్దని విశ్వాసమ్మ కాళ్ళా వేళ్ళా పడితే, ఆ గాజులతోనే పూడ్చారు. అదే నెలలో, ఇరవై ఏళ్ళ ఏసుబాబు, సుజన తమ్ముడు, గని గోడ విరిగి పడి చచ్చిపోయాడు. ఇద్దరివీ పక్కపక్క సమాధులు. మట్టిలో పూడ్చిన గాజులు బిస్కెట్ డబ్బాలోకి ఎలా వచ్చాయి?

ఆమె అడిగేలోపే ఆయనే చెప్పాడు.

"ముందు బండ తెచ్చినా. అదీ నేను చేసిన పాపం."

ఇది మా నాపరాళ్ళ దేశపు జబ్బు. ఇల్లు పోయినా, చేను పోయినా ఓర్చుకుంటాం గానీ మంచి బండను వదిలి రావడానికి చేతులు రావు. ఊరు ఖాళీ చెయ్యమనగానే తుమ్మలకొట్టాల జనం ముందు మోసింది బండల్నే. సమాధుల బండల్ని కూడా. ఏసుబాబు బండ ఏసురాజు స్వయంగా చీల్చి, నున్నగా చేసి, పేరు చెక్కింది. ట్రాక్టరులో చోటు దొరికిన రోజే దాన్ని గడ్డిలో చుట్టి కాలనీకి పంపించాడు. ఎముకలు తర్వాత నిదానంగా, ప్రార్థన చేయించి తెచ్చుకోవచ్చు, ఇంకా నెల గడువుంది కదా అనుకున్నాడు.

"గుర్తుకు ఒక కంప కట్టె నాటినా. వారం తిరక్కుండానే నీళ్ళొదిలినారు. పార, గోతం ఎత్తుకొని పరిగెత్తిపోయినా. పోతే ఏముండాది పాపా ఆడ? ఒక్క సమాధికీ బండ లేదు. దొడ్డి గోడ రాళ్ళు గూడా మోసుకపోయినారు. వానకు గుట్టలన్నీ సదునైపోయినాయి. నా కట్టె ఎవురి మేకలు తొక్కినాయో, లేదు. చర్చి మెట్టు కాడినుంచి అడుగులు లెక్కేసుకొని తవ్వినా. నీళ్ళు నా మడమల కాడికి వచ్చినాయి."

"మరి..."

"కాళ్ళు తూర్పుకు పెట్టి పూడుస్తాం గదా, ప్రభువొచ్చినపొద్దు లేస్తే ఎదురుగా కనపడాలని. మన ఏసుబాబు కూడా అట్లనే ఉండాడు. ఎముకలు ఒక్కొక్కటే తీసి గోతంలో పెట్టుకుంటాండా. పెట్టుకుంటా వాడితో మాట్లాడతాండా. ఇంటికి పోతాం రా నాయనా, మీ అమ్మ కాసుక్కూచ్చోనుండాది అని. చేతి ఎముక తీస్తే గాజులొచ్చినాయి."

షెడ్డు రేకుల మీద ఎండ చిటపటమంటోంది. సుజన జిగురు డబ్బా కింద పెట్టింది.

"ఒక్క అడుగు పక్కకు తవ్వింటే నా బిడ్డ. గుంతలోకి నీళ్ళు ఊరుకొచ్చినాయి. పార ఏస్తే బురద, మళ్ళా పార ఏస్తే మళ్ళా బురద. అడుగు ఆనలా. ఆ పాపను మళ్ళా నీళ్ళలో పడెయ్యనా? చేతులాడలేదు. ఎత్తుకొని వచ్చినా. గాజులు పగులుతాయని విడిగా తలగుడ్డలో చుట్టుకున్నా."

"విశ్వాసమ్మత్తకు తెచ్చిచ్చిండచ్చు గదా నాయనా."

"ఇయ్యాలనే వచ్చినా. అంతకుముందు పొద్దే ఆయమ్మ నన్ను బతిమాలింది. అన్నా, నాకు మగదిక్కు లేదు, నీ బిడ్డతో బాటు నా బిడ్డను గూడా తవ్వకరా అని. చూస్తాలే అన్నా. దావంతా ఆయమ్మకేం చెప్పాల, మీ అమ్మకేం చెప్పాల అనుకుంటానే వచ్చినా. మీ అమ్మ వాకిట్లో తెల్లగుడ్డ పరుచుకొని కూచ్చోనుండాది. నన్ను చూసి, తెచ్చినావా అనింది."

ఏసురాజు కాసేపు తన అరచేతుల్ని చూసుకున్నాడు.

"తెచ్చినా అన్నా."

ఆ తర్వాత జరిగింది సుజనకు తెలుసు. తనూ ఉంది. కొడుకు పోయాక ఏడాదిన్నర పాటు అమ్మ గురమ్మ మనిషి కాదు. తిండి లేదు, మాట లేదు, తల దువ్వితే దువ్వించుకునేది, లేకపోతే లేదు. కుదుటపడిందనుకున్నాక ఊరు మునుగుతుందన్నారు, మళ్ళీ మొదటికొచ్చింది. అలాంటి మనిషి ఆ రోజు గోతంలోని ఎముకలను ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటీ పాలతో కడిగి, గుడ్డలో చుట్టి, కాలనీలో తొలి సమాధి కట్టించుకుని, ఇంటికొచ్చి ఇన్నేళ్ళకు కడుపునిండా సంగటి తింది. నా బిడ్డ నా దగ్గరున్నాడు అన్న ఒక్కమాట పట్టుకుని అప్పటినుంచి లేచి తిరుగుతోంది. ఈ పూట కూడా సున్నం బకెట్టు తీసుకుని అక్కడికే పోయింది. రేపటికి సమాధి తెల్లగా ఉండాలి కదా.

"మరి తమ్ముడు?" అంది సుజన. అడక్కూడదని తెలిసీ అడిగింది.

"ఆడే ఉండాడు. బండ ఈడ, బిడ్డ ఆడ. అందరూ లేసేపొద్దు వాడొక్కడే నీళ్ళలోనుంచి లేసి, మా నాయన నన్ను వదిలేసి ఎవురినో ఎత్తకపోయినాడని వెతుక్కుంటాడు పాపా."

ఏసురాజు ఏడవడం సుజన ఎప్పుడూ చూడలేదు, కొడుకు శవం ఇంటికొచ్చినప్పుడు కూడా. ఇప్పుడు చూసింది. చప్పుడు లేదు. భుజాలు మాత్రం పైకీ కిందికీ పోతున్నాయి. దగ్గరికి పోయి పట్టుకోవాలనుంది, ఆ చెంప మీద కొట్టాలనీ ఉంది. రెండూ చేయలేక ఉన్నచోటే కూర్చుండిపోయింది.

నిరుడు ఈస్టరుకు సుజన విశ్వాసమ్మకు తోడుగా జలాశయం కట్ట మీదికి పోయింది. అందరూ సమాధుల దగ్గర ఉంటే ఆమె ఒక్కతే కట్ట మీద ఉంటుందని జాలిపడి పోయింది. అక్కడ గాలికి వత్తి నిలబడదు. ఎవరో తాగి పారేసిన నీళ్ళ సీసాను నడిమికి కోసి, అందులో కొవ్వొత్తి పెట్టి, "ఆరాధనా, ఇదోమ్మా" అని నీళ్ళకు చూపించింది విశ్వాసమ్మ. ఆ నీళ్ళ కింద ఉన్నది ఆమె కూతురు కాదు. ఐదేళ్ళుగా ఆమె కొవ్వొత్తి పెడుతున్నది ఏసుబాబుకు. గురమ్మ సున్నం పూసి, పూలు పెట్టి, ముద్దు పెట్టుకుంటున్నది ఆరాధనను, ఆ పుట్టని బిడ్డను. ఒకరి బిడ్డకు ఒకరు ఏడుస్తున్నారు.

"విశ్వాసమ్మత్తకు చెప్పాల నాయనా. ఆమె బిడ్డ ఈడ, మన బండ కిందనే ఉండాది. ఇన్నేళ్ళు చెప్పకుండా ఎట్ల ఉండినావు?"

"చెప్పు. నీళ్ళొచ్చేసినాయి, కుదర్లేదని ఆయమ్మకు అబద్ధమాడిన కాడినుంచి నేనూ రోజూ చెప్పాలనే అనుకుంటా. చెప్పినాక మీ అమ్మ ఏమైతాదో అదొక్కటి చెప్పు నాకు. పోయినసారి అన్నం మానేసింది. ఈసారి యాడికి పోతాదో నీకూ తెలుసు. కట్ట శానా దూరమేం గాదు." ఏసురాజు లేచి, గోడవారగా ఉన్న తన ఉలి సంచిలోంచి సన్న ఉలి తీసి కూతురి ముందు పెట్టాడు. "నేను తీస్తే అన్నీ పగులుతాయి, ఇవి బండలు చీల్చే చేతులు. నువ్వు తియ్. రేపు ఊరంతా వస్తాది, ఆయమ్మా వస్తాది. ఈ ఒక్కరోజుకు తియ్ తల్లీ. తర్వాత నువ్వెట్ల చెప్తే అట్ల."

అబద్ధం ఒక్కటీ పెట్టనని ఒట్టు వేసుకున్న మనిషి ఉలి చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు మీరూ నేనూ ఆమెను అనడానికి లేదు. ఒక పక్క అమ్మ ప్రాణం ఉంది, ఇంకో పక్క గాజులున్నాయి. ఆ గాజుల వెనక ఇంకో అమ్మ ఉందని తెలిసి తెలిసీ, అందరం చేసే పనే ఆమె కూడా చేసింది. మన ఇంటి తల్లి వైపు మొగ్గింది. తనమీద తనకే అసహ్యం వేస్తుండగా, పై గాజు కింద ఉలి మొన పెట్టి మెల్లగా ఎత్తింది. గాజు రెండు ముక్కలైంది. ఒక ముక్క అరచేతిలో దిగింది. రెండో గాజుకు ఉలి పెట్టబోతుంటే బయట చెప్పుల చప్పుడు వినిపించింది.

"రా వదినా, రా. రేపు జనంలో నీకు సరిగా కనపడదు. మీ ఇల్లు, మా ఇల్లు అన్నీ ఉండాయి, చూద్దువు రా."

గురమ్మ. సున్నం అంటిన వేళ్ళతో విశ్వాసమ్మ చేయి పట్టుకుని లోపలికి నడిపించుకొస్తోంది. మనసు నిండుగా ఉన్న రోజుల్లో గురమ్మకు అదొక అలవాటు. తనకున్నది లేనివాళ్ళను చూస్తే చేయి పట్టుకోకుండా ఉండలేదు. విశ్వాసమ్మ బక్కపలుచటి మనిషి, చర్చి ఊడ్చి వచ్చిన చీపురు ఇంకా చంకలోనే ఉంది.

ఏసురాజు గోడకు ఆనుకున్నాడు. సుజన రక్తం కారుతున్న చేయి వెనక్కి దాచుకుంది.

"అదో, మీ ఇల్లు. నీ గిలక పెట్టింది చూడు పాప," అంటోంది గురమ్మ. "ఇది మా ఇల్లు. ఏసుబాబు చెప్పు పెట్టింది. ఇదేమో బావి. ఓసి, బావికి మన గాజులు పెట్టినావా సుజనా? చూసినావా వదినా, ఆరాధన శ్రీమంతంలో నువ్వు మాకందరికీ పంచినవి. నావి ఇంకా ట్రంకుపెట్టెలో ఉండాయి, ఒక్కటీ పగల్లేదు. మరి ఇవెవురివి?"

విశ్వాసమ్మ చీపురు కింద పెట్టి, పటం అంచున కూర్చుంది. వేలు చాపి, విరిగిన గాజు మీది పసుపు చుక్కను తాకింది. చాలాసేపు తాకుతూనే ఉంది.

"మీకు పంచినవి చిలకపచ్చవి వదినా," అంది నెమ్మదిగా. "చుక్కలు లేవు వాటికి. ఈ చుక్కలవి ప్రొద్దుటూరులో ఒక్క డజనే దొరికినాయి. నా బిడ్డకు మాత్రమే ఏసినా."

గురమ్మ కూడా వంగి ఆ చుక్కల్ని చూసింది.

"ఇవి మట్టిలో ఉండల్ల," అంది విశ్వాసమ్మ. "నా బిడ్డతో నీళ్ళ కింద ఉండల్ల. సుజనా, ఇవి నీకెవురిచ్చినారమ్మా?"

సుజన నాయన వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఆ చూపు వెంబడే గురమ్మ కూడా మొగుడి వైపు తిరిగింది. ఆమె మొహంలో ఇంకా నవ్వు మిగిలే ఉంది. గోడకు ఆనుకున్న మనిషిని, ఆయన కాళ్ళ దగ్గర నోరు తెరుచుకున్న ఉలి సంచిని, పక్కన ఖాళీ బిస్కెట్ డబ్బాను ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో సుజనకు తెలియలేదు. సున్నం అంటిన చేతిని గురమ్మ చీర కుచ్చెళ్ళకేసి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, తెలుపు పోలేదు.

"ఏమయ్యా," అంది, ఐదేళ్ళ కింద వాకిట్లో తెల్లగుడ్డ ముందు కూర్చుని అడిగిన గొంతుతోనే. "తెచ్చినావా?"